నిధి చెప్పుల కొలత

అమెరికాలో ట్రాయ్ నుంచి రెండు గంటలు డ్రైవ్ చేస్తే, మొక్కజొన్న చేల మధ్య ఒక పాత ధాన్యం కొట్టు కనిపిస్తుంది. పక్క ఊరివాళ్లు దాన్ని ఆర్ట్స్ సెంటర్‌గా మార్చుకున్నారు. ఏటా కొందరు కళాకారులను పిలిచి, అక్కడే ఉంచి, చివర్లో వాళ్లు చేసినవన్నీ ప్రదర్శనకు పెడతారు. ఈ ఏడు వచ్చినవాళ్లలో వేద ఒకతె.

వేద చదివింది కెమిస్ట్రీ. మట్టిపని వీకెండ్ క్లాసుల్లో సరదాకి నేర్చుకుంది. నాలుగేళ్ల కూతురు నిధి మెదడువాపు జ్వరంతో పోయాక అది సరదాగా మిగల్లేదు. పాప పోయి రెండేళ్లు. ప్లేస్కూల్లో కాగితం మీద గీయించిన నిధి పాదం, నిధి వేసుకున్న పసుపుపచ్చ చెప్పులు వెంట తెచ్చుకుంది. ఆ చెప్పులో సరిగ్గా పట్టే పాదాన్ని మట్టితో చేసి ప్రదర్శనలో పెట్టాలి. ఆమెకు కావలసింది అంతే.

మొదటి పాదం కాగితం మీది గీతకు అచ్చంగా సరిపోయింది. బట్టీలోంచి తీసి చెప్పులో పెడితే ముందూ వెనకా ఖాళీ. మట్టి ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత కుంచించుకుపోతుందని ఆమెకు తెలుసు. తెలిసీ మరిచిపోయింది.

"రెండేళ్ల పిల్ల కాలయిపోయింది, హర్షా," అని ఫోన్‌లో భర్త దగ్గర ఏడ్చింది.

"ఎంత తగ్గుతుందో అంత పెంచి మళ్లీ చెయ్యి," అన్నాడు హర్షవర్ధన్. అతను కార్ల కంపెనీలో ఇంజనీరు.

పెంచి చేసింది. ప్రదర్శన వారం హర్ష వచ్చేసరికి ఆ రెండో పాదం కాస్త గట్టిపడినా ఇంకా చెమ్మగానే ఉంది.

"లెక్క నిజంగా వేశావా, కాలేజీ ల్యాబ్‌లోలాగా ఆన్సర్ చూసి రీడింగులు రాశావా?"

"నోర్ముయ్," అంటూ నవ్వింది వేద, చాన్నాళ్లకి. చెప్పు తీసి పాదానికి తొడగబోయింది. మడమ బయటే ఉండిపోయింది.

"అయ్యో, ఇరుకైపోయాయి. కొత్తవి కొనాలి," అంది.

అన్నాక గాని ఏమన్నదో తెలియలేదు. హర్ష స్టూలు మీద కూలబడ్డాడు. నిధి ఉంటే ఇప్పుడు ఆరేళ్లు. కాలు ఇంతే ఉండేది.

సెంటర్ నడిపే కేరన్ బట్టీ నింపుతూ, "ఇంకేమైనా ఉన్నాయా?" అని కేకేసింది. వేద పాదాన్ని రెండు చేతులా కప్పుకుంది.

"కాల్చకపోతే పగిలిపోతుంది, వేదా," అన్నాడు హర్ష.

"కాలిస్తే మళ్లీ నాలుగేళ్లే. ఇక అక్కడే ఆగిపోతుంది."

కేరన్ బట్టీ తలుపు మూసింది.

ప్రదర్శన రోజు పచ్చిపాదాన్ని బల్ల మీద పెట్టి, పక్కన చెప్పులుంచారు. ఊళ్లోవాళ్లు పిల్లలతో వచ్చారు. ఒక ముసలి రైతు వంగి చూసి, "బాగుందమ్మా. కాల్చేదెప్పుడు?" అని అడిగాడు.

"వచ్చే వారం," అంది వేద. ఆ తర్వాత ఎవరడిగినా అదే మాట.

హాల్లో హీటర్ నడుస్తోంది. అంచుల దగ్గర మట్టి తెల్లబడుతోంది. వేద స్ప్రే బాటిల్‌తో తడుపుతూనే ఉంది.

"ఇలా ఎన్నాళ్లు తడుపుతావు?" అన్నాడు హర్ష మెల్లగా.

ఆమె ఇంకోసారి నొక్కింది. నీళ్లు బల్ల మీద పడ్డాయి. అప్పుడు చూశాడతను, పాదం వెనకవైపు వెంట్రుకంత పగులు. బాటిల్ కోసం చెయ్యి చాచాడు.

"ఇలా ఇవ్వు. మడమ దగ్గర ఆరిపోతోంది," అని బాటిల్ తీసుకుని, అక్కడ తడిపాడు.