వీధి తలుపు తాళం

చిలకలగూడ చర్చి వెనక వీధిలో జీవరాజుకున్న మర్యాద అంతా ఇంతా కాదు. ఇంటి పత్రం చదివించుకోవాలన్నా, కోర్టు కాగితం అర్థం కాకపోయినా అందరూ ఆయన గడపే తొక్కేవారు. హైదరాబాదు సర్కారులో చట్టాలు రాసే వకీలాయన. చట్టాలు చేసేది పెద్దలే. వాళ్ళ మనసులో ఉన్నదాన్ని వాక్యంగా మార్చే పని మాత్రం జీవరాజుది. "మా రాజుగారు రాసిందే కానూన్" అని వీధి వీధంతా చెప్పుకుంటుంటే ఆయనేమీ వద్దనేవాడు కాదు. పొగడ్త ఎవరికి చేదు?

ఆ విద్య ఆయనకు నేర్పింది పక్కింటి మున్షీ కరీముద్దీన్ సాబ్. నిజాం కాలంలో ఉర్దూలో చట్టాలు రాసిన పెద్దమనిషి. ఆయన చెప్పిన కిటుకు ఒక్కటే.

"వాక్యం రాసినంక నీకు తెలిసిన మనిషినొకర్ని తెచ్చి దాని ముందట నిలబెట్టు. ఆ మనిషికి ఏమైతదో చూడు. చూడకుండ పైకి పంపకు."

మున్షీ పోయాక ఆయన భార్య జమీలా చాచీ ఒంటరిగా మిగిలింది. పిల్లలు లేరు. రెండిళ్ళకూ నడుమ గోడలో చిన్న తలుపొకటి ఉండేది. రంజాన్‌కు చాచీ చేసిన షీర్ ఖుర్మా ఇటు, క్రిస్మస్‌కు జీవరాజు భార్య కాంతమణి చేసిన పిండివంటలు అటు ఆ తలుపులోంచే వెళ్ళేవి.

పోలీస్ యాక్షన్ రోజుల్లో పూటకో పుకారు పుట్టి వీధి వణికిపోతుంటే, జీవరాజే ఒక తాళం కప్ప తెచ్చి చాచీ వీధి తలుపుకు బయటి నుంచి వేశాడు. "ఇంట్ల ఎవ్వరు లేరనుకుంటరు చాచీ. నువ్వు ఈ నడిమి తలుపులకెల్లి మా ఇంట్లకు రా, పో" అన్నాడు. గండం గడిచింది గానీ ముసలామె భయం గడవలేదు. తాళం పడితే తప్ప ఆమెకు కంటి మీద కునుకు లేదు. అప్పట్నుంచి పొద్దున పాలవాడి కోసం ఆ తాళం తీసి, అతను వెళ్ళగానే మళ్ళీ వేసి, తాళంచెవిని తన వంటింటి మేకుకు తగిలించడం కాంతమణి ఇంటిపనుల్లో ఒకటైపోయింది.

మరుసటి ఏడు ఆఫీసులో ఉర్దూ వెనక్కి, ఇంగ్లీషు ముందుకీ వచ్చాయి. పాతవాళ్ళు ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. మిషన్ బడిలో నేర్చిన ఇంగ్లీషు పుణ్యమా అని జీవరాజు మిగిలాడు. బయటి నుంచి వచ్చిన ఉద్యోగులకు ఇళ్ళు చాలడం లేదు, ఖాళీ ఇళ్ళను సర్కారు తీసుకోవడానికి చట్టం కావాలన్నారు. ఖాళీ అని తేల్చడం ఎలా? తనిఖీకి వెళ్ళిన రెండుసార్లూ వీధి తలుపుకు తాళం ఉంటే ఖాళీ ఇల్లేనన్నాడు మద్రాసు నుంచి వచ్చిన కొత్త కార్యదర్శి. జీవరాజు ముచ్చటైన ఇంగ్లీషులో రాశాడు. రాశాక, అలవాటు కొద్దీ ఒక మనిషిని దాని ముందు నిలబెట్టి చూశాడు. వచ్చి నిలబడింది జమీలా చాచీయే.

"ఇబ్బంది ఏమైనా ఉందా, జీవరాజుగారూ? మీ ఊరు కదా" అని కార్యదర్శి అందరి ముందూ అడిగాడు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెబితే, మా వీధిలో మనుషులు తాళం వెనక బతుకుతారండీ అని ఇంతమందిలో చెప్పాలి. ఈయనకింకా పాత వాసన పోలేదంటారు. పాత వాసన ఉన్నవాళ్ళు ఏమయ్యారో ఆయన కళ్ళారా చూశాడు.

"ఏమీ లేదండీ" అన్నాడు.

కార్యదర్శి భేష్ అన్నాడు. ఇంటికొచ్చి జీవరాజు ఆ భేష్ సంగతి కాంతమణికి చెప్పాడు. తాళం సంగతి చెప్పలేదు.

వానలు మొదలయ్యేసరికి చాచీ తలుపుకు నోటీసు అంటించారు. పొద్దున పాలకు తలుపు తీసినప్పుడు ఆమె దాన్ని చిరగకుండా ఊడదీసి, నడిమి తలుపులోంచి నేరుగా జీవరాజు దగ్గరికే తెచ్చింది.

"చదువు రాజూ బేటా. కానూన్ రాసేటోనివి నువ్వుండంగ నాకేం ఫికర్?"

చదవబోతే తన వాక్యమే. "అర్జీ పెడదాం చాచీ" అని మాత్రం అనగలిగాడు. అర్జీ బాగానే రాశాడు. తాళం వేసిందెవరో మాత్రం అందులో రాయలేదు.

విచారణ నాడు కాంతమణి చాచీ చెయ్యి పట్టుకుని అధికారి ముందు నిలబడింది. జీవరాజు తేలు కుట్టిన దొంగలా గోడ పక్కన నిలబడ్డాడు.

"లోపల మీరుంటే బయట తాళం ఎవరు వేశారమ్మా?" అన్నాడు అధికారి.

చాచీ ఒక్కసారి జీవరాజు వైపు తిరిగింది. సర్కారు మనిషే ఈ పని చేశాడంటే అతని నౌకరీ పోతుందని ఆమె భయం.

"నేనే ఏసుకున్న సాబ్."

"లోపలుండి బయట తాళం ఎలా వేసుకున్నారు?" అధికారి నవ్వాడు. గుమాస్తా కూడా నవ్వాడు. "అబద్ధాలెందుకమ్మా? ఆ ఇంట్లో ఎవరూ లేరు."

ఒక్క మాట చాలు ఆమె ఇల్లు నిలవడానికి. కానీ జీవరాజు ఆ మాట అంటే, తెలిసీ అలా ఎందుకు రాశావని అడుగుతారే!

"నేనేసిన సార్" అంది కాంతమణి. "పక్కింటిదాన్ని. రోజు పొద్దుగాల నేనే ఏస్త. ఇగో, తాళంచెవి మా వంటింట్ల మేకుకే ఉంటది. అందరికన్న ముందు ఏసింది మా ఆయన. ఆ గోడకాడ నిలవడ్డరు సూడుండ్రి. మీ కానూన్ రాసింది సుత ఆయ్ననే."

నవ్వులు ఆగిపోయాయి. అధికారి గోడ వైపు తిరిగాడు. "ఇది రాసేటప్పుడే మీకు తెలుసా?"

"తెలుసండీ" అన్నాడు జీవరాజు. తల కొట్టేసినట్టయింది.

ఇల్లు నిలిచింది. తిరిగి వస్తుంటే ముందు నడుస్తున్న చాచీ కాంతమణితో మెల్లగా అంటోంది. "అందర్ల ఆయన్ని ఎందుకు బద్నాం జేసినవ్ బేటీ? ఇల్లు పోతే మీ ఇంట్లనే ఓ మూలకు పండుకుంటుంటి గద." వెనక వస్తున్న జీవరాజు చెవిన అది పడింది. ఆమె నాలుగు తిట్లు తిట్టినా ఇంతకంటే నయమనిపించింది.

కొన్నాళ్ళకు చట్టం సవరించే పని కూడా ఆయనకే ఇచ్చారు. ఇరుగుపొరుగును అడగకుండా ఏ ఇంటినీ ఖాళీ అనరాదని రాశాడు. కార్యదర్శి దానికీ భేష్ అన్నాడు. సిగ్గుతో జీవరాజు తలెత్తలేదు.

అది తర్వాతి మాట. విచారణ మర్నాడు పొద్దున ఎప్పటిలా పాలవాడు వచ్చి వెళ్ళాడు. కాంతమణి మేకు వైపు చూడలేదు, పొయ్యి ముందు నుంచి లేవనూ లేదు. కాసేపు చూసి జీవరాజే తాళం, చెవి తీసుకుని వీధిలోకి వెళ్ళాడు. చాచీ తలుపుకు తాళం వేశాడు.

"ఏసినవా బేటీ?" అంది చాచీ లోపల్నుంచి.

"నేను చాచీ. ఏసిన."

"రాజూ! జీతే రహో బేటా. నువ్వున్నవనే నాకు ధైర్నం."

ఆ మూసిన తలుపుకు కూడా ముఖం చూపించలేక, సర్కారు వకీలు తల దించుకుని వీధిలో నిలబడిపోయాడు.