బోణీ కాని కంప్యూటర్

యంత్రం మొండికేస్తే సిద్దికాకి భయం లేదు, బుద్ధిగా ఉంటేనే హడలు. చిలకలూరిపేట పత్తి జిన్నింగ్ మిల్లు ఆఫీసులో నెల్రోజులుగా అదే గోల. పొద్దున నాలుగు కంప్యూటర్లూ తెరుచుకోవడానికి ముప్పావుగంట పడుతుంది. సాయంత్రం తన రిపేరు షాపు కట్టేసి సిద్దికా వెళ్లేసరికి మాత్రం నంగనాచుల్లా నిమిషంలో తెరుచుకుంటాయి. రెండుసార్లు ఫార్మాట్ కొట్టింది, వైర్లు మార్చింది. అబ్బే!

"రేపు కూడా ఇంతే అయితే గుంటూరు రిపేరు వాళ్లని పిలుస్తానండీ," అన్నాడు ఓనరు చైతన్యకృష్ణ. ఏడాది పొడవునా మిల్లు కంప్యూటర్లు చూసుకునే పని సిద్దికాది. ఆడపిల్లకి రిపేర్లేంటని నవ్విన నోళ్లన్నీ మూయించే పని. అది చేజారితే ఆ వీధిలో తలెత్తుకోలేదు.

మర్నాడు షాపు తియ్యకుండా తొమ్మిదింటికే వచ్చి కూర్చుంది. నాలుగూ ఆన్ చేశారు. తెరల మీద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. మూలన, పోయిన నెల తనే బిగించిన పెద్ద కంప్యూటర్ పసుపు బొట్టుతో నిద్రపోతోంది. ఫైళ్లన్నీ అందులోనే. మిగతావి లేవగానే దాన్నే వెతుక్కుంటాయి, అది దొరికేదాకా తెరుచుకోవు.

"బాబాయ్ గారూ, ఇది ఆన్ చెయ్యలేదేంటండీ?"

"పత్తి ఉన్నచోట నిప్పు భయం కదమ్మాయ్, రాత్రి మెయిన్ స్విచ్ ఆపేస్తాం," అన్నాడు పెద్ద గుమాస్తా చలమయ్య. "పొద్దున బోణీ కావొద్దూ? మొదటి లారీ కాటా ఎక్కాకే తెరుస్తా. ముప్ఫయ్యేళ్లు లెక్కల పుస్తకమూ అట్టాగే తెరిచా."

యా అల్లా! సిద్దికాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కాదంటే పెద్దాయన పంతం పడతాడు. ఓనరుకి చెబితే నలుగురిలో చులకనవుతాడు.

"కాటా గేటు ఎప్పుడు తీస్తారండీ?"

"ఎనిమిదింటికే."

"బోణీ కాకుండానే?"

"గేటు తియ్యకపోతే లారీ ఎట్టా వచ్చిద్ది!"

"ఇదీ గేటేనండీ. ముందే తీసిపెట్టండి. మొదటి తూకం మాత్రం లారీ వచ్చాకే, మీ చేత్తోనే ఇందులో ఎక్కించండి."

చలమయ్య గడ్డం గోక్కుని, దణ్ణం పెట్టి స్విచ్చి నొక్కాడు. పెద్దది లేచాక సిద్దికా మిగతావి ఆపి మళ్లీ ఆన్ చేసింది. నిమిషంలో నాలుగూ తెరుచుకున్నాయి.

అప్పుడే వచ్చిన చైతన్యకృష్ణ నోరెళ్లబెట్టాడు. "ఏం మార్చారండీ?"

"నేనేం మార్చలేదండీ. బాబాయ్ గారే..."

"నువ్వూరుకో! తప్పు నాది అయ్యగారూ. నెల్రోజులు ఈ పిల్లని ఉత్తపుణ్యానికి తిప్పా. గుంటూరు మాటెత్తారంటే ఒప్పుకోను."

"ఎత్తనులెండి," అని నవ్వాడు చైతన్యకృష్ణ. "ఏడాదంతా మీరే చూడండి, సిద్దికా గారూ."

బయట లారీ హారన్ మోగింది. కాటా చీటీ చేతికొచ్చింది. ముప్ఫయ్యేళ్లుగా బోణీ లెక్క ఇంకొకరిని ముట్టనివ్వని చలమయ్య లేచి తన కుర్చీ వెనక్కి జరిపాడు.

"రా అమ్మాయ్, ఇవాళ బోణీ నువ్వు కొట్టు."