నాన్న బండికి అలవాటుపడ్డ కాలు

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఉత్తరాలు పంచేవాడికి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరూ ఉరుములాయన అనే అంటారు. పొద్దున్న ఎనిమిదింటికి ఆయన కారు బయటికి తీస్తే కిటికీ అద్దాలు గడగడలాడతాయి, ఎదురింటి పసివాడు ఉలిక్కిపడి లేస్తాడు, మూలింటి ముసలాయన మాత్ర వేసుకునే వేళయిందని గ్రహిస్తాడు. ఇంత ఆర్భాటం చేసి ఆ కారు వెళ్ళేది ఎక్కడికయ్యా అంటే, రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆయన షెడ్డుకి. అదీ సైకిళ్ళవాళ్ళు దాటిపోయే వేగంతో.

ఆయన వృత్తి ఆటోమేటిక్ గేరుబాక్సులు బాగుచేయడం. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. ఊళ్ళోవాళ్ళ కార్లన్నీ మెత్తగా కదిలేలా చేసి పంపుతాడు. తన కారుకి మాత్రం పందెపు కార్లకు వాడే టార్క్ కన్వర్టర్ ఏరికోరి బిగించుకున్నాడు. అదేమిటని ఆయన్ని అడిగారో, మీకు సాయంత్రం అయిపోతుంది. టూకీగా విషయం ఇదీ: ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య నూనె నిండిన గుండ్రటి ఇనప డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజను ఆ నూనెను చిలుకుతుంది, ఆ తోపుకి చక్రాలు తిరుగుతాయి. మామూలు కార్లలో ఇంజను కాస్త గొంతు పెంచగానే నూనెకి పట్టు చిక్కుతుంది. ఆయన కారులో నిమిషానికి మూడువేల చుట్లు దాటి అరిస్తేగాని గట్టి పట్టు చిక్కదు. పందెంలో అది వరమే, ఒక్క ఉదుటున దూకుతుంది. ఎర్రదీపాల మధ్య, చెత్తబండి వెనకాల, అది వట్టి తలనొప్పి. ముందు అరుపు, తర్వాత ఆలోచన, ఆపైన ఎప్పటికో కదలిక.

పోనీ పందేలకు వెళతాడా అంటే అదీ లేదు. ఆ కారు పందెం మైదానం గేటు దాకా వెళ్ళింది రెండేసార్లు, రెండోసారి ఆయన టిక్కెట్టు కొనుక్కుని చూడటానికి. నిదానంగా నడిపితే నూనె కాగిపోతుందని స్టీరింగు పక్కన వేడి చూపించే ముల్లు ఒకటి పెట్టించుకున్నాడు. రద్దీలో ఆయన చూపంతా దాని మీదే.

"పెళ్ళయిన కొత్తల్లో నన్నయినా ఇంత శ్రద్ధగా చూడలేదు కదండీ," అనేది భార్య.

ఆవిడ బేకరీవాళ్ళ ఆటోమేటిక్ వ్యాను నడుపుతుంది. పద్నాలుగేళ్ళుగా తెల్లారకముందే రొట్టెలు, క్రీము పూసిన కేకులు దుకాణాలకు చేరవేస్తోంది. నలిగిన కేకు ఒక్కటీ వెనక్కి రాలేదు. తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసి ఆవిడకు నత్తమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఆవిడ విననట్టే ఊరుకునేది.

కూతురంటే ఆయనకి పంచప్రాణాలు. నర్సు చదువు పూర్తిచేసింది. ఇళ్ళకు వెళ్ళి మంచాన పడ్డవాళ్ళకి కట్లు మార్చే ఉద్యోగం దొరికింది. కారు ఉద్యోగం ఇచ్చినవాళ్ళదే, మామూలు చిన్న ఆటోమేటిక్ కారు. షరతు ఒక్కటే: ఈ నెలాఖరులోగా లైసెన్సు చూపించాలి, లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి అమ్మాయికి పోతుంది. ఆ ఉద్యోగం కోసం పిల్ల ఏడాదిగా ఎదురుచూసింది.

డ్రైవింగు నేర్పింది నాన్నే, తన కారులోనే. "ఈ బండిని లొంగదీసినవాళ్ళు ఏ బండినైనా లొంగదీస్తారు," అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. పిల్ల కూడా బాగానే పట్టింది. యాక్సిలరేటరు లోతుగా నొక్కి, ఇంజను అరిచేదాకా ఓపికపట్టి, కారు కదలగానే కాలు సడలించడం దాని కాలికి అబ్బిన విద్య అయిపోయింది.

మొదటి పరీక్షకి సొంత కారులోనే వెళ్ళారు. ఇంజను అరవగానే పరీక్షాధికారి తలుపు పిడి పట్టుకున్నాడు. ఆపై కారు నడకవేగంతో కదులుతున్నా పిడి మాత్రం వదల్లేదు. చివరికి కాగితం మీద "ఇంజనుపై అదుపు లేదు" అని రాసి దిగిపోయాడు.

ఉరుములాయనకి తల కొట్టేసినట్టయింది. పిల్లలో ఏ లోపమూ లేదు, తప్పంతా తన బండిది. రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆదివారం కూతురు స్నేహితురాలింటికి వెళ్ళగానే, ఎవరికీ చెప్పకుండా కారు షెడ్డుకి తీసుకుపోయాడు. గేరుబాక్సు దించి, ముద్దుగా బిగించుకున్న కన్వర్టర్ ఊడదీసి, కారు కొన్నప్పుడు వచ్చిన మామూలుది మళ్ళీ ఎక్కించాడు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే పిల్ల వద్దంటుంది. నాన్నకి అదంటే ఎంత పిచ్చో దానికి తెలుసు. ఇంటికి వస్తూంటే కారు రెండుసార్లు కప్పలా గెంతింది. కొత్తగా బిగించాను కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్న మనిషి, చూడండి, అంతకు మించి ఆలోచించలేదు!

సోమవారం రెండో పరీక్ష. అధికారి ఈసారి కారెక్కనన్నాడు. మైదానం చివర గొడుగు కింద కుర్చీ వేసుకుని, అక్కడినుంచే చూస్తానన్నాడు. పిల్ల కూర్చుంది, గేరు వేసింది, అలవాటు ప్రకారం యాక్సిలరేటరు లోతుగా నొక్కింది. ఓపికపట్టే అవసరం ఎక్కడిది? కారు ఎగిరి దూకింది. రెండు ప్లాస్టిక్ దిమ్మెలు గాల్లోకి లేచాయి. అధికారి కుర్చీ కిందపడింది, అధికారి దానికన్నా ముందే లేచి పరుగెత్తాడు. గొడుగుకి జానెడు దూరంలో కారు ఆగింది.

ఉరుములాయన పరుగున వచ్చి ఆ కుర్చీని లేపి నిలబెట్టాడు.

ఇంటికి రాగానే పిల్ల వంటింట్లో అమ్మ ఒళ్ళో తలపెట్టి బావురుమంది. "బ్రేకు మీద కాలుండగానే ముందుకు లాగేస్తోందమ్మా. నా భయమే అనుకున్నా. నాకు డ్రైవింగు రాదు, ఇంక ఎప్పటికీ రాదు."

గుమ్మంలో నిలబడ్డాయన ఇక దాచలేకపోయాడు. "నీ తప్పు కాదు తల్లీ. నేనే... నిన్న ఆ డబ్బా మార్చేశాను."

"ఏ డబ్బా?"

చెప్పాడు. పిల్ల ఏడుపు ఠక్కున ఆగింది. "చెప్పకుండానా? నాన్నా! నా కాలికి ఆ బండి తప్ప ఇంకోటి తెలీదు కదా!"

"నీకోసమే చేశానమ్మా."

"అయ్యో, నాకోసం ఇంకేం చేయకు నాన్నా, దండం పెడతా!"

ఆ మాట ఆయనకి సూటిగా తగిలింది. ఇంకొక్క అవకాశం ఉంది, శుక్రవారం. అదీ పోతే ఉద్యోగం పోయినట్టే. "రేపటికల్లా పందెపు డబ్బానే మళ్ళీ బిగించేస్తాను, వేరే అధికారిని అడుగుదాం," అంటూ చొక్కా చేతులు పైకి మడవబోయాడు.

"బిగించి?" అంది భార్య, కూతురి తల నిమురుతూనే. "మీ బండి మీద పాసవుతుంది, సరే. వాళ్ళిచ్చే కారు ఎవరు నడుపుతారు? మీరెళ్ళి కట్లు కడతారా?"

ఆయన చొక్కా చేతులు కిందికి దించాడు.

"రేపు సాయంత్రం నాలుగింటికి బేకరీ వెనక ఖాళీ స్థలానికి రండి. ఇద్దరూ," అంది ఆవిడ. "అక్కడ నత్తమ్మ చెప్పిందే మాట."

విన్నదన్నమాట, పద్నాలుగేళ్ళూ విన్నది. తండ్రీకూతుళ్ళు ముఖాలు చూసుకున్నారు.

మర్నాడు వ్యాను దగ్గర ఆవిడ మొదట చెప్పింది చెప్పులు విప్పమని. "వట్టి కాలు పెట్టు. ఇప్పుడు బ్రేకు వదులు. ఆగు, యాక్సిలరేటరు జోలికి పోకు."

"కదలదు కదమ్మా."

"వదిలి చూడవే."

పిల్ల వదిలింది. వ్యాను దానంతటదే, ఎవరూ అడగకుండానే, మెల్లగా ముందుకు నడిచింది. పిల్ల నోరెళ్ళబెట్టింది. నాన్న బండిలో బ్రేకు వదిలితే అది బద్ధకంగా అక్కడే కూర్చునేది, కదలాలంటే తన్ని లేపాలి.

"అది నడుస్తానంటోంది కదా. నడవనీ. నడిచాక ఇంకాస్త కావాలని కాలితో అడుగు, అరవకు."

తర్వాత ఉరుములాయన వంతు. ఊరందరి గేరుబాక్సులూ బాగుచేసే మనిషి భార్య పక్కన చెప్పులు విప్పుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. నాలుగుసార్లు వ్యానుని గెంతించాడు. ఖాళీ రొట్టెల ట్రేలు వెనక దబదబమన్నాయి.

"ఏమండీ, కేకులుంటే ఏమయ్యేవి?"

"ముద్దయ్యేవి," అని ఒప్పుకున్నాడు. కూతురు పగలబడి నవ్వింది. సోమవారం తర్వాత అది నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసం ఇంకో రెండుసార్లు కావాలనే గెంతించాడని ఆవిడకి అనుమానం. కావాలని కాదని ఆయనకి తెలుసు, కానీ చెప్పలేదు.

మూడురోజులు అదే పని. శుక్రవారం బేకరీ వ్యానులోనే పరీక్షకి వెళ్ళారు. అధికారి కుర్చీని గోడ అవతల వేయించుకుని, గోడ మీంచి తల మాత్రం పైకెత్తి చూశాడు. వ్యాను కదిలింది, మలుపు తిరిగింది, దిమ్మెల మధ్యకి వెనక్కి వచ్చి ఆగింది. ఆ మనిషి నమ్మలేక ఇంకోసారి చేయించాడు. రెండోసారీ అంతే. సంతకం పడింది.

ఆ సిరా తడి ఆరకముందే ఉరుములాయన షెడ్డులో గేరుబాక్సు కింద దూరాడు. శనివారం సాయంత్రానికి ఎదురింటి పసివాడు మళ్ళీ ఉలిక్కిపడ్డాడు. "ఇంకో నాలుగు రోజులైనా ఉండలేకపోయారా?" అంది భార్య. "ఆ ఇంజనుకి అదే నప్పుతుందే," అన్నాడు ఆయన చేతులు తుడుచుకుంటూ. ముఖం వెలిగిపోతోంది.

సోమవారం పొద్దున్న కూతురు వాళ్ళిచ్చిన తెల్లకారులో మొదటిరోజు పనికి బయల్దేరింది. ఆయన గేటు దాకా వచ్చి చెయ్యి ఊపాడు. షెడ్డులో తొందరపని ఉందని చెప్పి, రెండు నిమిషాలాగి, తానూ కారు తీశాడు. షెడ్డు కుడివైపు. ఆయన ఎడమకి తిరిగాడు. మధ్యలో నాలుగు కార్లు, ఒక లారీ ఉండేలా చూసుకుని, చాలా తెలివిగా, ఎవరికీ కనిపించకుండా కూతురి వెనకాలే వెళ్ళాడు. ఎక్కడైనా తడబడితే? ఎవరైనా గుద్దితే? వేడి ముల్లు పైకి పాకుతోంది, ఆయన చూడలేదు.

మూడో మలుపు దాటాక తెల్లకారు సిగ్నలు వేసి, పద్ధతిగా రోడ్డు పక్కకి ఆగింది. దాటిపోలేక ఆయనా దూరంగా ఆపాడు. ఫోను మోగింది.

"నాన్నా, షెడ్డు ఇటెప్పుడు వచ్చింది?"

"ఒక... పార్టు కోసం వచ్చానమ్మా. నేనని ఎలా తెలిసింది?"

"ఎలా తెలిసిందా! మన గుమ్మం దాటినప్పట్నించీ వినిపిస్తున్నావు."

ఆయన సిగ్గుతో స్టీరింగు వైపు చూశాడు. "బాగా నడుపుతున్నావు తల్లీ. మీ అమ్మలాగే. సరే, నేను వెనక్కి పోతాలే."

తెల్లకారు సిగ్నలు ఇంకా మెరుస్తూనే ఉంది.

"నేను కట్టు మార్చాల్సిన పెద్దావిడ ఇల్లు ఇంకో రెండు వీధులే నాన్నా," అంది పిల్ల. గొంతులో కొంచెం వణుకుంది. "అక్కడిదాకా రా. లోపలికి నేనొక్కదాన్నే వెళ్తా."

సరేనని చెప్పబోయాడు. అంతకుముందే కాలు యాక్సిలరేటరు మీద లోతుగా ఆనింది. ఆ వీధిలోవాళ్ళంతా కిటికీలు తెరిచి చూశారు.