పెద్దమ్మకు చెప్పని సంగతి

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, మార్కాపురంలో మా మందిరం వాళ్లు, మనిషి ఉన్నట్టుండి కుప్పకూలితే గుండె మీద నొక్కి బతికించడం ఎలాగో నేర్పించారు. బల్ల మీద మూడు రబ్బరు బొమ్మలు పెట్టి, పెద్దవాళ్లకు రెండు చేతులు, బడి పిల్లలకు ఒక చెయ్యి, చంటిబిడ్డలకు రెండు వేళ్లు అని ఒక అమ్మాయి చేసి చూపిస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ముందు కుర్చీలో కూర్చుని ఆ బొమ్మలను అనుమానంగా చూస్తూ ఉండిపోయాను. పల్లెల్లో నర్సుగా బతుకంతా గడిపినదాన్ని, చుట్టూ అరిచే జనం లేకుండా, భుజం పట్టి వెనక్కి లాగేవాళ్లు లేకుండా ఈ పని చేసిన రోజు నాకు ఒక్కటీ లేదు.

నా మొదటి ఉద్యోగం పెద్దారవీడు దాపున ఒక పల్లెలో. ఆ రోజుల్లో ఒంటరి ఆడపిల్ల ఉద్యోగానికి వస్తే ఊరు ఎలా చూసేదో మీకు నేను వేరే చెప్పాలా! మాత్ర ఇస్తే పిల్లలు పుట్టకుండా చేస్తానని, పేరు రాసుకుంటే ఆపరేషనుకు పట్టుకుపోతానని అనుకునేవాళ్లు. నేను మాత్రం తక్కువ తిన్నానా, ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఎందుకు నవ్వారా అని రోజంతా ఆలోచించేదాన్ని. నేను అద్దెకున్న ఇంటివాళ్లు, పెదనాన్న, పెద్దమ్మ అని నేనే వరస కలుపుకున్నవాళ్లు, వాళ్లిద్దరే నన్ను ఇంటి పిల్లలా చూసుకున్నారు.

ఒక ఎండాకాలం పొద్దున, కూలికి బయలుదేరిన పెదనాన్న వాకిట్లోనే పడిపోయాడు. ఊపిరి లేదు, నాడి లేదు. శిక్షణలో నేర్పినట్టు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ రొమ్ము మీద వేసి, బలమంతా పెట్టి నొక్కడం మొదలుపెట్టాను. కాసేపటికి లోపల పటుక్కున ఎముక విరిగింది. ఆ చప్పుడు వాకిట్లో ఉన్నవాళ్లందరికీ వినబడింది. “సంపుతుండాది, ఈ నర్సమ్మ మనిషిని సంపుతుండాది” అని ఎవరో అరిచారు. నా చేతులు ఆగిపోయాయి. ఎంతసేపు ఆగాయో ఈనాటికీ చెప్పలేను. మళ్లీ తేరుకుని, ఆసుపత్రి జీపు వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నా ఆయన లేవలేదు.

గట్టిగా నొక్కి చంపానని ఊరంతా చెప్పుకుంది. నేను చేసిన తప్పు నొక్కడం కాదు, ఆపడమని నాకొక్కదానికే తెలుసు. పెద్దమ్మ పైకి ఏమీ అనలేదు, ఇల్లు ఖాళీ చేయమని కూడా అనలేదు, అంటేనే బాగుండేది. నేను పక్కన కూర్చుంటే జరిగి కూర్చునేది, బిందె ముట్టుకుంటే నా చేతుల వంకే చూసేది.

ఆ వానాకాలంలో పెద్దమ్మ కూతురు పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది. మనవరాలికి రోజూ పెద్దమ్మే నీళ్లు పోసేది, పెరట్లో నాపరాయి బండ మీద కాళ్లు బారచాపుకుని, ఆ కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని. ఒకనాడు చెంబుతో పోసిన నీళ్లు ముక్కులోకి పోయి, బిడ్డ ఏడుపు మధ్యలో తెగిపోయింది. నేను పరుగెత్తి వచ్చేసరికి బిడ్డ నీలంగా మారి వాలిపోయింది. పెద్దమ్మ బిడ్డను కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపుతోంది. నేను చెయ్యి చాపితే గబుక్కున గుండెకు హత్తుకుంది.

“నువ్వు ముట్టొద్దు. ఆయన్ను ఇరగ్గొట్టింది సాలదా?”

“నేను నొక్కను పెద్దమ్మా, నువ్వే నొక్కు. బండ మీద పండబెట్టు” అన్నాను. ఏమనుకుందో, పండబెట్టింది. బిడ్డ నోరూ ముక్కూ కలిపి నా నోటితో మూసి మెల్లగా ఊపిరి ఊదాను. తరువాత పెద్దమ్మ వేళ్లు రెండు పట్టుకుని రొమ్ము నడుమ ఆనించి, పైకి లెక్కపెడుతూ, ఆపవద్దు ఆపవద్దంటూ నొక్కించాను. నేనేం మాయ చేస్తానోనని ఆమె నా మొహం మీద నుంచి చూపు తిప్పకుండానే నొక్కింది. మళ్లీ ఊదాను. బిడ్డ దగ్గి, నీళ్లు కక్కి, పెరడు దద్దరిల్లేలా ఏడ్చింది. నేనూ, పెద్దమ్మా, పరుగున వచ్చిన బిడ్డ తల్లీ, ముగ్గురం బండ మీదే కూలబడి ఆ బిడ్డతోపాటు ఏడ్చాం.

సాయంత్రం బిడ్డను మార్కాపురం ఆసుపత్రిలో చూపించుకుని వచ్చాక, పెద్దమ్మ నా గది గడప మీద కూర్చుంది.

“ఆపొద్దు ఆపొద్దు అంటివి గదా నాకు. ఆ పొద్దు ఎముక ఇరిగినాక నువ్వేమన్నా ఆపినావా, అమ్మాయ్?”

“లేదు పెద్దమ్మా, ఆపలేదు” అన్నాను.

“అట్లయితే ఆయన కాలం అంతే” అని ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని లేచి వెళ్లిపోయింది. ఆ మర్నాటి నుంచి ఊళ్లో నా మీద ఎవరు ఒక్క మాటన్నా ఆమే ముందు పోట్లాటకు దిగేది. అందరూ నన్ను నమ్మారు. నేను మాత్రం ఎవరి రొమ్ము మీద చెయ్యి పెట్టినా, ఈసారైనా ఆపకుండా ఉంటానా అని నన్ను నేనే అనుమానించుకుంటూ ఉద్యోగం ముగించాను.

ఇప్పటి పిల్లలకు ఎముక విరిగినా ఆపవద్దని ముందే చెబుతున్నారు. మమ్మల్ని భయపెట్టిన ఆ చప్పుడు వాళ్లను అంతగా భయపెట్టదు. మాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే పెదనాన్న బతికేవాడని నేననను. పెద్దమ్మతో అబద్ధం చెప్పే అవసరం మాత్రం ఉండేది కాదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది, చివరిదాకా నా మాట నమ్మే పోయింది.