సోహార్ ఓట్ల పెట్టె

గత శుక్రవారం ఇక్కడ ఒమాన్‌లోని అల్ మవాలేలో మా తెలుగు సంఘం సమావేశం ముగిశాక, వంటాయన వెడల్పాటి అల్యూమినియం బేసిన్‌లో మరమరాలు కుమ్మరించి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, రెండు చేతులతో అడుగు నుంచి పైకి కలపసాగాడు. ఆ పొడి గలగల చెవిన పడగానే నేను టీ కప్పు పక్కన పెట్టేశాను. మరమరాలకూ మడతపెట్టిన కాగితాలకూ చప్పుడులో పెద్ద తేడా లేదు. అటువంటి బేసిన్‌లోనే ఒకావిడ మోచేతుల దాకా చేతులు ముంచి ఓట్ల కాగితాలు కలపడం నేను కళ్లారా చూశాను. ఆవిడ పేరు విమల. కిందటి వేసవిలో కాకినాడలో కన్నుమూశారు. ఇది చదివేవారిలో ఆవిడను ఎరిగినవారు బహుశా ఎవరూ ఉండరు. అందుకే రాస్తున్నాను.

నేను ఒమాన్ వచ్చి, ఇళ్లకు కావలసిన టైల్సూ పైపులూ అమ్మే ఒక కంపెనీలో గుమాస్తాగా చేరిననాటికి విమల గారు అకౌంట్స్ విభాగానికి అధికారిణి. లెక్క తేలకపోతే అన్నం సహించని మనిషి. చేరిన మొదటి వేసవిలోనే నన్ను రుస్తాఖ్ గోదాముకు సరుకు లెక్కించడానికి పంపారు. రేకుల కప్పు కింద మధ్యాహ్నపు ఎండలో నిలబడలేక, వెనక వరుసల్లోని టైల్స్ పెట్టెలను కంటితో అంచనా కట్టి, పక్కన ‘సుమారు’ అని రాసుకొచ్చాను. ఆవిడ కాగితం చదివి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

“సుమారుగా ఏం వేస్తాం ప్రసాద్?”

“అర్థం కాలేదు మేడమ్.”

“కూరలో ఉప్పు వేస్తాం. దానికి తప్ప ఆ మాట నాకెక్కడా కనిపించకూడదు. రేపు పొద్దున్నే బండెక్కు.”

మళ్లీ వెళ్లాను, ప్రతి పెట్టెనూ తాకి లెక్కించాను. తేదీ లేని మాట, మొత్తం వేయని లెక్క నాకు నచ్చకపోవడం ఆనాటి నుంచే. డైరీ రాసే అలవాటు కూడా అప్పుడే స్థిరపడింది. కాబట్టి తరువాతి కాలంలో ఇదే మనిషి నన్ను ఒక లెక్క వేయవద్దని ఆపినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం చిన్నది కాదు.

మా సంఘం కార్యవర్గం పదవీకాలం నాలుగేళ్లు. రెండేళ్లు గడవగానే సగం పదవులు ఖాళీ అయి, వాటికి మధ్యలో ఎన్నిక జరుగుతుంది. అధ్యక్షుడి పేరు ఆ ఓటు కాగితం మీద ఉండదు. అయినా ఓటు ఆయన మీదనే వేస్తున్నట్లు అందరూ మాట్లాడుకుంటారు. నేను చెప్పే సంవత్సరంలో ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, సాంస్కృతిక కార్యదర్శి పదవులకు అధ్యక్షుడి వర్గమూ, ఎదుటి వర్గమూ పోటీపడ్డాయి. వీటి కింద ఒక తీర్మానం కూడా ఉండేది: ఉగాది వేడుకల నిధిలో కొంత తీసి, జబ్బుపడి స్వదేశం వెళ్లవలసిన కార్మికుల కోసం కేటాయించవచ్చునా, కాదా? మవాలేలో ఒక పెట్టె, రుస్తాఖ్‌లో ఒకటి, సోహార్‌లో ఒకటి. ఏ పెట్టెలో ఎవరికెన్ని వచ్చాయో విడివిడిగా మైకులో చదవడం అప్పటివరకు ఆనవాయితీ. విమల గారు ఎన్నికల అధికారి, నేను సహాయకుణ్ణి.

ఓటు ఎలా వేయాలో చెప్పడానికి వారం ముందుగా ఇద్దరం సోహార్ వెళ్లాం. అక్కడి మా సభ్యులందరూ ఒకే కాంట్రాక్టు కంపెనీ కార్మికులు, ఒకే క్యాంపులో ఉండేవారు. ఆ క్యాంపు మేనేజరు, కార్మికుల మాటలో ‘ముదీర్’, మాధవరావు గారు అధ్యక్షుడి వర్గం తరఫున కార్యదర్శి పదవికి నిలబడ్డారు. భోజనాల హాలులో మా మాటలు అయిపోయాక, కడప నుంచి వచ్చిన మస్తాన్ అనే క్రేన్ ఆపరేటరు ఆవిడను మంచినీళ్ల కూలరు దగ్గరికి పిలిచాడు.

“మేడమ్, ఒగ మాట. మా ముదీర్ సారే నిలబడినాడు గదా. మా డబ్బా మీరు యిడిగా లెక్కబెట్టి మైకులో చదువుతారంట?”

“అలవాటదే. ఏం?”

“ఈ డబ్బాలో ఏసేటోళ్లందరం ఆయప్ప కిందనే డ్యూటీ చేసేది. ఒగ నలుగురు అటు తిరిగినా, ఆ నలుగురు ఎవురో రెండు దినాల్లో తెల్సిపోతాది. మా వీసా రెన్యువల్ కాయితాలు ఆయప్ప టేబుల్ మీదనే ఉండాయి.”

“చెడ్డవాడా ఆయన?”

“ఛ, మంచోడు మేడమ్. నాకు కడుపు ఆపరేషన్ అయితే తన కార్లో ఏస్కపోయినాడు. అంత చేసినోణ్ణి కాదంటే నొచ్చుకోడా? మంచోడి కోపమే కష్టం.”

ఆవిడ కూలరు నుంచి గ్లాసు నీళ్లు పట్టుకుని తాగారు. తరువాత, “మూడు పెట్టెలూ కలిపేసి లెక్కపెడతాను నాయనా. సోహార్ లెక్కంటూ ఒకటి పుట్టదు. మీవాళ్లకి చెప్పు,” అన్నారు.

“మీరు మాటిస్తే చాలు. రూముల్లో నేను జెప్పుకుంటా.”

తిరుగు ప్రయాణంలో నేను అభ్యంతరం చెప్పాను. వివరం ఎంత ఉంటే లెక్క అంత స్వచ్ఛంగా ఉంటుందని నేర్పింది మీరే కదా, మవాలే కుటుంబాలు ఒకలా, కార్మికులు ఒకలా ఆలోచిస్తారేమో తెలుసుకోవడం సంఘానికే మంచిది కదా అని వాదించాను. ఆవిడ రోడ్డు వైపే చూస్తూ విన్నారు.

“నీకు టైల్స్ లెక్క చెప్పాను. టైల్స్‌కి మేనేజరు ఉండడు ప్రసాద్,” అన్నారు చివరకు.

లెక్కింపు రోజున ప్రతి పెట్టెలోని కాగితాలను మడత విప్పకుండా ఎంచి, ఓటర్ల సంతకాల సంఖ్యతో సరిచూసి, బేసిన్‌లో పోయాలని నిర్ణయించాం. మవాలే, రుస్తాఖ్ పెట్టెలు సరిపోయాయి. సోహార్ పెట్టె బల్లమీద బోర్లించేసరికి, సరిగా మడవని కాగితాలు కొన్ని వాటంతటవే విచ్చుకున్నాయి. నా ముందున్నవాటిపై ఓటు గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మొదటి పేరు నుంచి కిందనున్న తీర్మానం దాకా నా చూపు జారుతూ పోయింది. విమల గారు వంగి, నాకు మాత్రమే వినిపించేలా అడిగారు.

“లెక్కపెడుతున్నావా, చదువుతున్నావా?”

నేను కాగితాలు తిరగేశాను. సంఖ్య సరిపోయింది. ఆవిడ వాటిని దోసిళ్లతో ఎత్తి బేసిన్‌లో వేస్తుండగా మాధవరావు గారు లేచారు.

“ఆగండాగండి. ఎప్పుడూ విడివిడిగానే కదండీ లెక్కపెట్టేది?”

“నియమావళిలో ఎక్కడుందో చూపించండి, ఆగుతాను.”

ఆయన అటూ ఇటూ చూశారు. ఆవిడ కలపడం మొదలుపెట్టారు. వెనక నుంచి ఎవరో, “మేడమ్ గారూ, కాస్త నిమ్మకాయ కూడా పిండండి,” అనడంతో హాలంతా నవ్వింది. మాధవరావు గారు కూడా నవ్వి కూర్చున్నారు.

ఫలితం ఏ వర్గానికీ పండుగ కాలేదు. ఉపాధ్యక్షుడు, కోశాధికారి అధ్యక్షుడి వర్గం నుంచి గెలిచారు. కార్యదర్శి, సాంస్కృతిక కార్యదర్శి ఎదుటి వర్గం నుంచి వచ్చారు. తీర్మానం నెగ్గింది. ఒక వర్గానికి వరుసగా గీతలు పెట్టుకుంటూ పోయినవారు తక్కువ. ఒకే కాగితం మీద ఇటొకటి అటొకటి ఎంచుకున్నవారే ఎక్కువ. అధ్యక్షుడిని మెచ్చుకున్నారో మందలించారో తెలియక ఇరువర్గాలూ మొహాలు చూసుకున్నాయి. మాధవరావు గారు స్వల్ప తేడాతో ఓడిపోయారు.

అందరూ వెళ్లిపోయాక కూడా ఆయన ఉండి, నాతోపాటు కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చారు. కాసేపటికి మెల్లగా అన్నారు: “ప్రసాద్ గారూ, మా పెట్టెలో కాగితాలు మీ కంట పడే ఉంటాయి. ఎవరెవరని అడగనండి. మావాళ్లు నాకు వేశారా లేదా, అది చాలు. వాళ్ల గిన్నెలోనే అన్నం తింటున్నానండీ ఇన్నేళ్లుగా.”

ఆ గొంతులో బెదిరింపు లేదు, దిగులు ఉంది. నిజం చెప్పాలంటే, బెదిరించి ఉంటే కాదనడం నాకు తేలికయ్యేది. నేను నోరు తెరిచేలోగా విమల గారు దగ్గరికి వచ్చారు.

“తెలుసుకోవాలనుంటే వెళ్లి వాళ్లనే అడగండి మాధవరావు గారూ. కాగితాన్ని అడక్కండి.”

“అడిగితే అందరూ నాకే వేశామంటారండీ.”

“అన్నప్పుడు నమ్మండి.”

ఆయన ఇంకో కుర్చీ ఎత్తి పేర్చి, చేతులు దులుపుకుని వెళ్లిపోయారు. అడిగారో లేదో తెలియదు. ఆ ఏడాది సోహార్ సభ్యుల వీసాలన్నీ గడువులోగానే రెన్యువల్ అయ్యాయి. ఆ మాట మాత్రం కనుక్కుని డైరీలో రాసుకున్నాను.

తరువాతి ఉగాదికి నాటకం చూడటానికి వచ్చిన మస్తాన్‌తో, మీ కోసం పెట్టిన ఆ తీర్మానం నెగ్గింది, సంతోషమేనా అన్నాను. అతను ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

“నేను దానికి వద్దనే ఏసినా సార్. జబ్బు వచ్చినప్పటి సంగతి కదా అది. నాటకం ఏడాదికి ఒగటే. దాని దుడ్లు తీస్తే ఎట్ల?”

కార్మికులు ఆ తీర్మానానికి ఎలా వేసి ఉంటారో అప్పటికే నా మనసులో ఒక పట్టిక వేసుకుని ఉన్నాను. ఈ సంగతి విమల గారికి చెబితే చాలాసేపు నవ్వారు. “అదృష్టవంతుడివి. నీకు చెప్పాలనిపించి చెప్పాడు,” అన్నారు. కార్యదర్శి పదవికి ఎవరికి వేశాడో మస్తాన్ చెప్పలేదు. నేను అడగలేదు.

ఇప్పుడు ఎన్నికల అధికారిని నేను. ఈసారి పెట్టెలు లేవు. సభ్యులు ఫోనులోనే ఓటు వేశారు. శుక్రవారం నాటి సమావేశానికి ముందు శ్రావణి అనే యువ సభ్యురాలు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. తెర మీద మవాలే, రుస్తాఖ్, సోహార్, ఒక్కోదానికి ఒక్కో రంగు.

“ఏ పదవికి ఎటు ఎన్ని ఓట్లు పడ్డాయో శాఖలవారీగా వచ్చేసింది అంకుల్. ఎంత నీట్‌గా ఉందో చూడండి.”

“బాగుందమ్మా. శాఖలు తీసేసి మొత్తం మాత్రమే ఉంచు, సంతకం పెడతాను.”

“ఇంత డేటా ఉంచుకుని దాచడమెందుకు అంకుల్? పేర్లు లేవు కదా.”

“సోహార్‌లో ఉన్నది ఎంతమంది? వాళ్లందరి మేనేజరు ఎంతమంది?”

ఆమె తెరవైపు చూసింది. నావైపు చూసింది. తరువాత ఆ పట్టికను నా ఎదుటనే చెరిపేసింది. నేను సంతకం పెట్టాను.

మస్తాన్, మాధవరావు గారు ఇద్దరూ ఇప్పటికీ సోహార్‌లో అదే కంపెనీలో ఉన్నారు. చూసిన లెక్క మరచిపోవడం నాకు చేతకాదు. ఆ రోజు బల్లమీద విచ్చుకున్న కాగితాలపై గీతలు ఏ పేరు ఎదుట ఉన్నాయో, ఏ పేరు దగ్గర లేవో నాకు ఇప్పటికీ వరుసగా గుర్తే. దానిని డైరీలో రాయలేదు. ఇక్కడా రాయను.