దుప్పటి వెనక స్పీకర్లు

నా చిన్నప్పుడు అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, పెరుగన్నం అయ్యాక మగవాళ్ళందరినీ బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి స్పీకర్లు వినిపించేవారు. ఏదో ఒక సినిమాలో బాంబు పేలే చోటు పెట్టి, గోడ మీది ఫొటో కదిలిందా లేదా అని చూసేవారు. కదిలితే మంచి స్పీకర్లు. చిన్నప్పుడు అంటున్నాను గానీ నాకిప్పుడు ముప్పై రెండే. మా అక్క కూతురి లెక్కలో నేను డైనోసార్లతో కలిసి బడికెళ్ళినవాణ్ణి కాబట్టి, ఆ పెద్దరికంతోనే చెబుతున్నాను.

నాకు పదకొండేళ్ళప్పుడు మా నాన్నకీ ఆ జబ్బు సోకింది. ఇక్కడివాళ్ళందరి పద్ధతిలోనే రెండు సెట్లు తెచ్చాడు, నచ్చింది ఉంచుకుని రెండోది నెల తిరిగేలోపు వాపసు ఇచ్చేద్దామని. మొదటి సెట్‌లో నా ఎత్తు స్పీకర్లు రెండు, వాషింగ్ మెషీన్‌కి తమ్ముడిలా ఉండి నేల అదరగొట్టే సబ్‌వూఫర్ ఒకటి. రెండో సెట్ చూడటానికి చెప్పుల పెట్టెలు సర్ది పెట్టినట్టుండేది.

ఏది ఉంచుకోవాలో తేల్చడానికి పక్కింటి అంకుల్‌ని పిలిచారు. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. కారు తలుపు వేస్తే ఎలాంటి చప్పుడు రావాలో నిర్ణయించడం ఆయన ఉద్యోగం. దానికి నెలనెలా జీతమిస్తారంటే మా అమ్మ చివరిదాకా నమ్మలేదు. ఆయన వస్తూనే రెండు సెట్లకీ అడ్డంగా దుప్పటి కట్టించారు. చూస్తూ వింటే అందరూ పొడుగువాటికే ఓటేస్తారని ఆయన అనుభవం.

"బాంబులొద్దు, మొగుడూ పెళ్ళాం పోట్లాడుకునే సీనేదైనా పెట్టు," అన్నారు మా నాన్నతో.

"దానికి సినిమా ఎందుకన్నయ్యగారూ?" అంది మా అమ్మ.

ఇండియా నుంచి ఆర్నెల్లు ఉండి వెళదామని వచ్చిన మా అమ్మమ్మ నా పక్కన కూర్చుంది. ఆ చలికాలం రోజూ పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర నా చేత తెలుగు అక్షరాలు దిద్దించింది ఆవిడే. నేనిప్పుడు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ పుణ్యమే. శనివారం మధ్యాహ్నం అందరం కలిసి చూసే సినిమా కోసం వారమంతా ఎదురుచూసేది. ఆవిడకి చెవులు కొంచెం మందగించాయన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే డాక్టరంటారు, మిషనంటారు, నామోషీ.

మొదటి సెట్‌లో ఆ పోట్లాట మోగింది. వెనక సంగీతం దంచేస్తోంది, మాటలు బావిలోంచి వస్తున్నట్టున్నాయి. నేను నవ్వాను. అమ్మమ్మ నా మొహం చూసి, ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వింది. రెండో సెట్‌లో అదే సీను పెట్టారు. ఈసారి నాకంటే ముందు తనే నవ్వింది. పైగా తెరమీది పెళ్ళాంతో, "బాగా గడ్డిపెట్టావమ్మా, అలా అడుగు!" అంది. రెండు నవ్వులూ నేను చూశాను. చూడలేదని ఇన్నేళ్ళలో చాలాసార్లు నాకు నేను చెప్పి చూశాను, కుదరలేదు.

ఓట్లు మొదలయ్యాయి. నాన్న మొదటిదన్నాడు. అమ్మ రెండోదంది. అమ్మమ్మ నా వైపు వంగి, "నీకేది నచ్చిందిరా కన్నా?" అని గుసగుసగా అడిగింది. అంతకుముందే దుప్పటి ఎత్తి చూసేసిన ఘనుణ్ణి నేను. పై శనివారం నా పుట్టినరోజు, స్కూలు స్నేహితులు వస్తున్నారు, సోఫా అదరకపోతే నా పరువేం కాను? "మొదటిది," అన్నాను. ఆవిడ చెయ్యెత్తింది. "నాకూ మొదటిదే. బ్రహ్మాండంగా ఉంది!"

ఐస్‌క్రీమ్ దగ్గర్నుంచి కార్పెట్ రంగు దాకా మనవడు ఏదంటే అదే నచ్చడం మా ఇంట్లో అమ్మమ్మల పద్ధతి. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు, అంకుల్‌కి తప్ప.

మర్నాడు ఆయన ఏదో వైరు సరిచేసే వంకతో వచ్చి, నా చెవుల్లో దూది పెట్టి, అమ్మమ్మ చోట్లో కూర్చోబెట్టి రెండు సెట్లూ వినిపించారు. మొదటిదాంట్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన దూది తీసి, "సినిమాలో మాటలన్నీ టీవీ కింద పెట్టే ఈ నడిమి స్పీకర్‌లోంచే వస్తాయి. రెండో సెట్‌లో అది మంచిది," అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. "నేను చెబితే అమ్మమ్మ చెవుల సంగతి బయటపడుతుంది, ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. నువ్వు 'నాకిది నచ్చలేదు, మార్చు నాన్నా' అంటే చాలు. చిన్నవాడివి, ఎందుకని ఎవరూ అడగరు."

ఒక మనిషికి సాయం చేస్తూ, సాయం చేసినట్టు ఆ మనిషికే తెలియకుండా చేయొచ్చన్నది అప్పుడే మొదటిసారి విన్నాను. చాలా గొప్పగా అనిపించింది. పుట్టినరోజు అవ్వగానే చెబుదామనుకున్నాను.

పుట్టినరోజు అయింది. సోఫా అదిరింది. నాన్న పొంగిపోయి, నెల గడువు దాకా కూడా ఆగలేదు. చెప్పుల పెట్టెల సెట్‌ని కొట్లో వాపసు ఇచ్చేసి, పెద్ద స్పీకర్ల అట్టపెట్టెలు చెత్తలో వేయడానికి విప్పాడు. ఆ పెట్టెలు లేకపోతే కొట్టువాడు తిరిగి తీసుకోడని నాకు తెలుసు. "ఎక్కి తొక్కరా, చదునవుతాయి," అన్నాడు నాన్న. ఎక్కి తొక్కాను. రెండు కాళ్ళతో, ఎగిరెగిరి.

అమ్మమ్మ మరో రెండు శనివారాలు కిందకి వచ్చింది. మూడో వారం, "మీరు చూడండి కన్నా, నాకు నిద్రొస్తోంది," అంది. నేను నీళ్ళకని పైకి వెళితే, నిద్రపోకుండా ఆరిన బట్టలు ఒక్కొక్కటే మడతపెడుతూ కూర్చుంది. నన్ను చూసి, "బాగుందా సినిమా?" అంది. బాగుందన్నాను. అప్పుడైనా పక్కన కూర్చుని కథ చెప్పి ఉండొచ్చు. హీరో కొట్టబోతున్నాడని మెట్లు దిగి పరిగెత్తాను.

ఆర్నెల్లయ్యాక వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. మోకాళ్ళన్నారు, తర్వాత గుండె అన్నారు, ఆ తర్వాత అనడానికి ఇంకేమీ మిగల్లేదు. పెద్ద స్పీకర్లు మాత్రం ఇప్పటికీ భేషుగ్గా పనిచేస్తున్నాయి. అలాంటి వస్తువులు చెడిపోవు.

ఇప్పుడు నేనుండే చోట స్నేహితుల అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా అందరం కలిసి సినిమా పెట్టుకుంటాం. ఏదైనా జోకు పేలితే నేను తెర వైపు చూడను, పెద్దవాళ్ళ వైపు చూస్తాను. ఎవరైనా అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వారా, రిమోట్ తీసుకుంటాను. "సారీ, నాకు సరిగా వినపడలేదు," అని వెనక్కి తిప్పి, సౌండ్ పెంచి మళ్ళీ పెడతాను. ఇంత చిన్న వయసులో చెవుడేమిట్రా అని నా స్నేహితులు ఏడిపిస్తారు. ఏడిపించనిస్తాను. పదకొండేళ్ళప్పుడు ఇంతకంటే తేలికైన అబద్ధమే అడిగారు నన్ను.