లండన్ మామా ఊరు కాదు

ముందురోజు లేచిన దుమ్ము గురువారం పొద్దుటికి తగ్గింది. కువైట్‌లోని సల్వాలో నేను పనిచేసే ఇంటి మెట్లు కడుగుతున్నాను. గేటు దగ్గర కారు తుడుస్తున్న డ్రైవర్‌కు ఫోన్ వచ్చింది. అతనిదీ మా రాయచోటే. విని, గుడ్డ కారు మీదే వదిలేసి వచ్చాడు.

"అక్కా, మామా లండన్‌లో పోయిందంట. కొడుకే ఫోన్ చేసినాడు."

మిగిలిన మెట్లు కడిగి లోపలికి వెళ్ళాను.

మామా అంటే ఈ ఇంటి యజమానురాలు, ఇక్కడ పనివాళ్ళం అలాగే పిలుస్తాం. ఆమె స్కాట్లండ్‌లో సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో పుట్టింది. తల్లిది వేల్స్. కువైటీని పెళ్ళి చేసుకుని ఈ ఇంటికొచ్చింది, ఇక్కడే ముసలిదైంది. వీధిలో అందరూ ఆమెను ఇంగ్లిష్ ఆవిడ అనేవాళ్ళు. బయట ఎవరినీ దిద్దేది కాదు. ఇంట్లో మాత్రం ఒప్పుకునేది కాదు.

ఒకసారి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిచింది. డ్రైవర్ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"మామా, మీవోళ్ళు గెలిచినారు! మాకు మిఠాయి తెప్పియ్యాల!"

"మావాళ్ళు కాదు, పక్కింటివాళ్ళు," అంది మామా, గిన్నె మీంచి తలెత్తకుండానే.

తర్వాతి మ్యాచ్‌లో వాళ్ళు ఓడిపోతే కొడుకు నవ్వాడు. మామా కసిరింది. "పక్కింటివాళ్ళను తిడితే నేను తిట్టాలి. మధ్యలో నువ్వెవరు?"

"మరి మీ పాస్‌పోర్టులో బ్రిటిష్ అని ఉంది కదా?" అని నేను వచ్చీరాని అరబీలో అడిగాను.

"అదీ నిజమే. మా నాన్న ఆ పేరు మీదే యుద్ధానికి వెళ్ళాడు. కానీ మా అమ్మ జోలపాటలు వేల్స్‌వి, నాన్న తిట్లు స్కాట్లండ్‌వి. ఇక్కడ అందరూ నిన్ను హిందియా అంటారు. నిన్ను నువ్వు ఏమనుకుంటావు?"

"కడప," అన్నాను.

"కడప యాడిదక్కా, మన రాయచోటికి జిల్లా మార్చి ఎన్నాళ్ళాయె!" అన్నాడు డ్రైవర్. అది అరబీలో విప్పి చెబితే మామా కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

రోజూ పొద్దున తన ఓట్స్ జావ తనే కాచుకునేది. అందులో ఉప్పే వేసేది, చక్కెర ముట్టుకునేది కాదు. మా ఊళ్ళోనూ జావకు ఉప్పే అని చెప్పినప్పటి నుంచి నాకూ ఒక గిన్నె పోసి, బల్ల దగ్గర ఎదురుగా కూర్చోబెట్టేది. ఈ దేశంలో నాకు వడ్డించిన మనిషి ఆమె ఒక్కతే.

జబ్బు ముదిరాక కొడుకు లండన్ ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాడు.

"నీ సొంత దేశమే కదమ్మా."

"లండన్‌లో నాకెవరున్నారు? పోతే ఇక్కడే మీ నాన్న సమాధి పక్కన పెట్టు. లేదంటే మా నాన్న ఊళ్ళో పెట్టు. అక్కడ మాత్రం వదిలేయకు."

"నయం చేయించి తీసుకొస్తాను, ఖలాస్, ఇక ఆ మాటొద్దు," అని చెయ్యి పట్టుకున్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

పెట్టెలో ఓట్స్, ఉప్పు పొట్లం నేనే సర్దాను. "ఉప్పు అక్కడా దొరుకుతుందే," అంది కానీ తీసెయ్యలేదు.

ఖననం ఆలస్యం చేయకూడదని లండన్‌లోనే చేసేశారు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు, "పోనీలే, సొంత మట్టిలోనే కలిసింది," అనుకున్నారు. నేను కాఫీ పోస్తూ అందరికీ కప్పులు అందించాను.

పెట్టె తిరిగి వచ్చింది. ఉప్పు పొట్లం విప్పలేదు.

మామా సోమవారం పొద్దుటి విమానానికి వెళ్ళింది. గురువారం పోయింది. కొడుకు శనివారం ఒక్కడే వచ్చాడు.